వేలాడదీయని ఇరుసు

అనగనగా, రాళ్ళు పరచిన బాటలు ఇంకా పుట్టకముందు, ఎండిన ఏటి ఇసుకే రాజమార్గంగా ఉన్న రోజుల్లో, వెదుళ్ళపట్టణం అనే ఊరు ఉండేది.

ఆ ఊరికి ఉత్తరపు కొసన, ఇళ్ళన్నీ అయిపోయిన తరువాత, ఒక కొలిమి ఉండేది. అందులో బొల్లన అనే కంచరి ఒంటరిగా పని చేసుకొంటూ ఉండేవాడు. గుడిగంటలు, వంటపాత్రలు, పశువుల మెడలో మువ్వలు, ఇలా కంచుతో కాగల వస్తువులన్నీ అతని చేతిమీదుగానే వచ్చేవి.

కంచుపని తెలిసినవారికి ఒక పద్ధతి ఉంది. పాత్ర మంచిదో కాదో వారు కంటితో చూసి చెప్పరు. దానిని తాడుతో వేలాడదీస్తారు. నేలకూ గోడకూ తగలకుండా గాలిలో నిలిపి, కొయ్యసుత్తితో ఒక్క దెబ్బ కొడతారు. లోహం నిండుగా ఉంటే నాదం సాగుతుంది. లోపల వెంట్రుకంత బీట ఉన్నా నాదం నడుమనే చచ్చిపోతుంది. నేలమీద పెట్టి కొడితే మంచిదీ చెడ్డదీ ఒక్కలాగే పలుకుతాయి. అందుచేత వేలాడదీయకుండా తీర్పు చెప్పరాదని బొల్లనకు తండ్రి నేర్పాడు.

బొల్లన చెవి గొప్పది. నోరు ఆ చెవికి బానిస. విన్నది విన్నట్టే చెప్పేవాడు.

ఒకసారి ఒక పెళ్ళిలో వియ్యాలవారు తెచ్చిన కంచుబిందెను అందరూ మెచ్చుకొంటున్నారు. బొల్లన దానిని పందిరి వాసానికి వేలాడదీసి, కొట్టి చూసి, “బీట ఉంది” అన్నాడు. ఉన్నమాట నిజమే. వారం తిరగకముందే బిందె కారింది. అయితే ఆ తరువాత ఆ ఊళ్ళో అతణ్ణి ఎవరూ పెళ్ళికి పిలవలేదు.

భార్య చెన్నమ బ్రతికి ఉన్నన్నాళ్ళూ ఆ లోటు అతనికి తెలియలేదు. ఆమె పోయిన తరువాత తెలిసింది. జనం పాత్ర తెచ్చి గడపలో పెట్టి, “రేపు వస్తాం” అని వెళ్ళేవారు. మరునాడు వచ్చి, “అయిందా?” అని అడిగి, తీసుకొని పోయేవారు. ఆ రెండు మాటల నడుమ అతనికి ఇంకొక మాట ఉండేది కాదు. పదకొండేళ్ళు అలాగే గడిచాయి.

ఆ ఊరికి ఒక వేడుక ఉంది. ప్రతి రథసప్తమినాడు ఏటి ఇసుకలో రథాల పందెం జరిగేది. ఒక్కొక్కరు మాత్రమే ఎక్కే తేలిక రథాలు, రథానికి రెండేసి గుర్రాలు. నడి ఏటిలో పాతిన రాతికంబాన్ని చుట్టుకొని మూడు చుట్లు తిరగాలి. పందెం ముగిశాక, గెలిచినవాడూ ఓడినవాడూ అన్న తేడా లేకుండా రథికులందరూ ఒకే పంక్తిలో కూర్చొని, ఒకే గుండిగలో వండిన పరమాన్నం తినేవారు. ఎవరి చక్రం ఆ రోజు ఆ ఇసుకను తాకిందో వారికే ఆ పంక్తిలో విస్తరి. ఇంకెవరికీ లేదు. అది ఊరి కట్టడి.

ఆ గుండిగను పోతపోసినవాడు బొల్లన.

ఏటేటా అతడు గట్టుమీద నిలబడి, తన గుండిగ చుట్టూ లేచే నవ్వులను వినేవాడు. గరిటె గుండిగకు తగిలినప్పుడల్లా, ‘నాదం నిండుగానే ఉంది’ అనుకొనేవాడు. అనుకొని ఇంటికి వచ్చేవాడు.

పన్నెండో ఏట అతనికి ఒక కోరిక పుట్టింది. ఆ పంక్తిలో ఒక్కసారి కూర్చోవాలి. ఇటు ఒకరూ అటు ఒకరూ ఉండగా అన్నం తినాలి. అందుకు ఒక రథం కావాలి.

ఆ పుష్యమాసంలోనే వల్లభుడు అనే వర్తకుడు, ఏటిలో ఒక ఓరన ఇంకా పారుతున్న పాయలో పడవమీద వచ్చి, రేవు పక్కన దడి కట్టి, పాత రథాలు అమ్మకానికి నిలిపాడు. వాటిలో ఒకటి ఎర్రలక్క పూసిన పందెపు రథం. వెడల్పు తక్కువ, ఎత్తు తక్కువ. నిలిచి ఉన్నప్పుడు కూడా పరుగెత్తుతున్నట్టే కనబడేది. రాజధానిలో మూడు పందేలు గెలిచిన రథమని ఊరంతా చెప్పుకొన్నారు. దాని వెల కొత్తదానిలో సగమైనా లేదు.

బొల్లన చూడబోయాడు.

“రావయ్యా బావా, రా! ఎండన పడి వచ్చావు. రథం ఎక్కడికీ పోదు. ముందు కూర్చో,” అన్నాడు వల్లభుడు, ఆనాటివరకు ముఖమైనా చూడని మనిషిని.

చాప పరిచాడు. కుండలోని మజ్జిగ ముంచి ఇచ్చాడు.

“పొద్దున ఏం తిన్నావు?” అని అడిగాడు.

బొల్లన మజ్జిగ ముంత కింద పెట్టాడు. చెన్నమ పోయిన తరువాత ఆ ప్రశ్న అతణ్ణి ఎవరూ అడగలేదు.

“చద్దన్నం,” అన్నాడు.

“ఒక్కడివేనా? అయ్యో, ఒంటరిగా తింటే అది అన్నమా! రేపటినుంచి మధ్యాహ్నం ఇక్కడికే రా. రథం కొంటే కొను, లేకపోతే లేదు. పరాయి ఊళ్ళో నాకూ మాట్లాడే మనిషి కావాలి కదా!”

బొల్లన మజ్జిగ తాగి, రథం చుట్టూ తిరిగి చూశాడు. వంగి కిందికి చూశాడు. రెండు చక్రాలనూ కలిపే ఉక్కు ఇరుసుకు నడుమ జానెడు మేర లక్క కొత్తగా ఉంది. మిగిలినచోట పాతబడి ఉంది.

“ఇక్కడ మాత్రమే కొత్తపూత ఎందుకు?” అని అడిగాడు.

“పడవలో ఒరుసుకొని లక్క లేచింది బావా. ఎంత పాతదైనా పిల్లను చూపించేటప్పుడు ముఖం కడిగి బొట్టు పెడతాం కదా!” అని వల్లభుడు పగలబడి నవ్వాడు.

బొల్లన కూడా నవ్వాడు. ఒకరితో కలిసి నవ్వి అతనికి చాలాకాలమైంది. అందుచేత రెండో ప్రశ్న వేయలేదు.

దడి మూలన ఒక ముసలి బూడిదరంగు గుర్రం కట్టి ఉంది. దాని ముందుకాలు వంకర. ఎక్కువకాలం మాట లేకుండా గడిపిన మనిషికి జంతువుల మాట తెలుస్తుంది. బొల్లనకు ఆ అర్హత ఎప్పుడో వచ్చింది.

“ఈ రథాన్ని లాగినది నీవేనా?” అని అడిగాడు.

“నేనే. ఎవరూ అడగలేదు గనుక చెప్పలేదు,” అంది గుర్రం.

“వేగమైనదేనా?”

“వేగానికి లోటు లేదు. ఎంతదూరం పోతుందని నీవు అడగలేదు.”

బొల్లన అడగలేదు. ఇంటికి వెళ్ళిపోయాడు.

మరునాటినుండి మధ్యాహ్నం వేళకు కొలిమి చల్లారేది. బొల్లన రేవుకు పోయేవాడు. వల్లభుడు వండిన పప్పులో ఉప్పెక్కువ. అయినా విస్తర్లు రెండు. వల్లభుడు దేశదేశాల కబుర్లు చెప్పేవాడు. ఎప్పుడైనా బొల్లన ఒక మాట చెబితే, “భలే చెప్పావు బావా!” అని తొడమీద చరిచేవాడు.

ఒకనాడు వల్లభుడు రథానికి రెండు గుర్రాలను కట్టించి, పగ్గాలు బొల్లన చేతికిచ్చాడు. రేవు ఇసుకలో రథం బాణంలాగ పోయింది. బొల్లన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గాలివల్ల కావచ్చు. ఇసుకదిబ్బ దగ్గర రథాన్ని బిగువుగా మలపబోతే, పక్కన గుర్రంమీద వస్తున్న వల్లభుడు కేక వేశాడు.

“మెల్లగా బావా, మెల్లగా! గుర్రాలు కొత్తవి. మలుపులు పందెంనాడు చూసుకోవచ్చు.”

అప్పటికే రథం కొంచెం మలుపు తీసుకొంది. కిందినుంచి ‘టిక్కు’మని చిన్న చప్పుడు వచ్చింది. ఇంకొకరికైతే అది వినబడేదే కాదు.

“ఏదో పలికింది,” అన్నాడు బొల్లన.

“గులకరాయి,” అన్నాడు వల్లభుడు.

ఆ ఏటి ఒడ్డున గులకరాళ్ళు లేవు. ఆ సంగతి బొల్లనకు తెలుసు. “అయి ఉంటుంది,” అన్నాడు.

తిరిగి వెళుతూ మళ్ళీ గుర్రం దగ్గర ఆగాడు.

“ఇదివరకు ఈ రథం ఎవరిది?”

“ముగ్గురిది.”

“ఎందుకు అమ్మారు?”

“మొదటివాడు చెప్పలేదు. రెండోవాడూ చెప్పలేదు. మూడోవాడు నా కాలు చూసి ఏడ్చాడు.”

“నీ కాలికి ఏమైంది?”

“మలుపులో పడ్డాం.”

బొల్లన వంగి ఆ కాలిని చూశాడు. “పడడం ఏ రథానికైనా ఉంటుంది,” అన్నాడు.

“ఉంటుంది,” అంది గుర్రం. దానికి వాదించే అలవాటు లేదు.

రథసప్తమి పది రోజుల్లోకి వచ్చింది. ఆ మధ్యాహ్నం బొల్లన తన కొయ్యసుత్తిని పంచెకొంగున దాచుకొని వచ్చాడు. వల్లభుడు నీళ్ళకు ఏటికి పోయిన సమయం చూసి, రథం కింద దూరి, ఇరుసును ఒక్కసారి కొట్టాడు. శబ్దం మొద్దుగా వచ్చి, వచ్చినచోటనే పడిపోయింది.

‘రెండు చక్రాలు బిగించి ఉన్నాయి. పైన రథం బరువు ఉంది. ఎంత మంచి ఇరుసైనా ఇలాగే పలుకుతుంది,’ అనుకొన్నాడు.

ఆ మాట నిజమే. అలా కొట్టిన దెబ్బవల్ల ఏమీ తెలియదన్నదీ నిజమే. తన వృత్తిలో మొదటి పాఠం అది. విప్పి వేలాడదీయాలి. అయితే విప్పమని అడగాలి. అడిగితే బావ ఏమనుకొంటాడో!

వల్లభుడు వచ్చేసరికి సుత్తి కొంగులో ఉంది.

“ఇంకెన్నాళ్ళు ఆలోచిస్తావు బావా? రేపు పైకం తెచ్చి రథం తోలుకొని పో. నేనూ ఆ నల్లరథంతో పందెంలో దిగుతాను. పంక్తిలో నీ విస్తరి పక్కన నా విస్తరి. నీకు వడ్డించకుండా నాకు వడ్డిస్తే ఊరుకొంటానా?” అన్నాడు వల్లభుడు.

మరునాటి ఉదయం బొల్లన అంతవరకు కూడబెట్టినదంతా సంచిలో పోసుకొని బయలుదేరాడు. అది పోతే మళ్ళీ కంచు కొనడానికి కూడా అతనివద్ద ఏమీ మిగలదు. దడి దాటగానే గుర్రం తల ఎత్తింది.

“కొనవచ్చునా?” అని అడిగాడు బొల్లన. అడిగిన తరువాతగాని, ఆ మాట అడుగుతానని అతనికి తెలియదు.

“కంచరీ, పాత్రలో బీట ఉందో లేదో నీవు ఎలా తెలుసుకొంటావు?” అంది గుర్రం.

“వేలాడదీసి కొడతాను.”

“ఎవరి పాత్రనైనా?”

“ఎవరిదైనా.”

“మరి దీన్ని ఎందుకు వేలాడదీయలేదు?”

బొల్లనకు జవాబు తెలుసు. అది గుర్రానికి చెప్పుకొనే జవాబు కాదు. సంచి చంకన పెట్టుకొని లోపలికి నడిచాడు.

“రా బావా! నీకోసమే చూస్తున్నాను,” అన్నాడు వల్లభుడు.

“పైకం తెచ్చాను. ఒక్క మాట. ఇరుసు విప్పాలి. ఆ తాటిదూలానికి వేలాడదీసి ఒక దెబ్బ కొట్టి వింటాను. అరపూట పని. విప్పేదీ బిగించేదీ నేనే,” అన్నాడు బొల్లన.

వల్లభుడు నవ్వాడు. “భలేవాడివి! రథం గుడిగంట అనుకొన్నావా?”

“ఉక్కూ పలుకుతుంది.”

“నా మాట చాలదా బావా?”

“నీ మాట విన్నాను. ఇరుసు మాట వినలేదు.”

వల్లభుడి నవ్వు సగానికి వచ్చింది. “ఇన్నాళ్ళు నా చేతి అన్నం తిని, ఇప్పుడు తాళ్ళు పట్టుకొని దొంగను సోదా చేసినట్టు సోదా చేస్తావా?”

బొల్లన తల దించుకొన్నాడు. అయినా కదలలేదు.

“ఒక్క దెబ్బ,” అన్నాడు.

అప్పుడు వల్లభుడు లేచి నిలబడ్డాడు.

“ఓయీ కంచరీ! కొనేవాడివైతే కొను, లేకపోతే దారి చూసుకో. పెళ్ళిపందిట్లో బిందెను ఉరితీసినవాడివి నీవేనట కదా! ఊరంతా చెప్పి నవ్వారు. నీ గడప ఎవరూ ఎందుకు తొక్కరో ఇప్పుడు తెలిసింది.”

బొల్లన విన్నాడు. మాటలోని అర్థంకంటే ముందు అతనికి మాటలోని నాదం వినబడింది. ఇన్నాళ్ళూ నిండుగా మోగిన ‘బావా’ అన్న పిలుపు ఒక్క దెబ్బకు చచ్చిపోయింది.

ఇరుసు ఎలాంటిదో అతనికి ఇంకా తెలియదు. మంచిదే కావచ్చు. సంచి అక్కడ పెట్టేస్తే పది రోజుల్లో పంక్తిలో కూర్చోవచ్చు. అయినా సంచి చంకన బిగించుకొని, ఇన్నాళ్ళు తాగిన మజ్జిగకుండకు దండం పెట్టి, బయటికి వచ్చేశాడు.

ఆ మధ్యాహ్నం కొలిమి చల్లారలేదు. విస్తరి ఒక్కటే వేసుకొన్నాడు.

ఆ సాయంత్రమే రథాన్ని రేచన కొన్నాడు. రేచన తమలపాకు తోటల ఆసామి. నవ్వేవాడు, నవ్వించేవాడు, తొందరమనిషి. సంగతి తెలిసి బొల్లన తోటకు వెళ్ళాడు. ఊళ్ళో ఒకరి గడపకు అతడు పిలుపు లేకుండా వెళ్ళడం అదే మొదలు.

“రేచనగారూ, ఆ ఇరుసు నేను వినలేదు. బీట ఉందని చెప్పలేను. లేదనీ చెప్పలేను. విప్పమంటే విప్పనివ్వలేదు. పందెం లోపల ఒక్కసారి వేలాడదీసి చూద్దాం. కూలి అక్కరలేదు.”

రేచన ఆకులు కట్టిస్తున్న కూలీల వంక చూసి కన్ను గీటాడు. “చూశారా! బేరం తప్పిపోతే బీట కనబడుతుంది. ఓ బొల్లనా, నీకు దక్కలేదని ఏడుపా? పోనీ, వెళ్ళేటప్పుడు మా పెరటిగేదెను కూడా ఒకసారి వేలాడదీసి కొట్టి చూడు, పాలు తగ్గాయి!”

కూలీలు విరగబడి నవ్వారు. బొల్లన తిరిగి వచ్చాడు. చెప్పవలసినది చెప్పాడు గనుక మళ్ళీ వెళ్ళలేదు.

రథసప్తమి వచ్చింది. బొల్లన గట్టుమీద, ఎప్పుడూ నిలబడేచోటనే నిలబడ్డాడు. ఇసుకలో పదహారు రథాలు. వల్లభుడి నల్లరథం వాటిలో లేదు. ఆ తెల్లవారే అతడు అమ్ముడుకానివన్నీ పడవకెక్కించుకొని వెళ్ళిపోయాడట.

శంఖం ఊదారు. రథాలు కదిలాయి.

మొదటి చుట్టులో ఎర్రరథం ముందుంది. రాతికంబాన్ని దీపంచుట్టూ పురుగులా చుట్టి వచ్చింది. గట్టుకింద పోతూ రేచన అరిచాడు:

“ఏమోయ్ కంచరీ! ఇరుసు పలుకుతోందా?”

జనం వెనక్కి తిరిగి బొల్లనను చూసి నవ్వారు.

రెండో చుట్టులోనూ ఎర్రరథమే ముందుంది. ఈసారి రేచన ఏమీ అనలేదు. నవ్వుతూ చేయి ఊపాడు. బొల్లన చూపు గుండిగవైపు పోయింది. దానికింద మంట పెట్టారు. ఆ పదహారు విస్తళ్ళలో ఒకటి తనది కావలసింది. ఒక్క దెబ్బకోసం పట్టుబట్టకపోతే ఆ పగ్గాలు ఈపాటికి తన చేతిలో ఉండేవి. తన చెవి తనను రెండుసార్లు ఊరికి దూరం చేసిందని, ఈ రెండోసారి ఏ కారణమూ లేదని అతనికి తోచింది. పదకొండేళ్ళలో అంత ఒంటరిగా అతడు ఏనాడూ నిలబడలేదు.

మూడో చుట్టు. ఎర్రరథం కంబం దగ్గరికి వచ్చింది. రేచన పగ్గాలు బిగించాడు.

‘టిక్కు.’

ఆ డప్పుల మోతలో, ఆ కేకల్లో దానిని ఒక్కడే విన్నాడు. ఇంకెవరూ ఏమీ చూడకముందే బొల్లన గట్టు దూకి ఇసుకలో పరుగెత్తుతున్నాడు. అతడు సగందూరం పోయేసరికి ఇరుసు రెండుగా విరిగింది. చక్రం ఒకటి ఇసుకలో దూరంగా దొర్లిపోయింది. రేచన పగ్గాలలో చిక్కుకొని, ఒరిగిన రథం కింద కాలు ఇరుక్కొని పడ్డాడు. వెనుక పదిహేను రథాలు వస్తున్నాయి.

బొల్లన పైపంచె తీసి ఊపుతూ, గొంతు చిరిగేలా కేకలు వేస్తూ వాటికి ఎదురుగా నిలబడ్డాడు. మొదటి రథం పక్కకు తప్పుకొంది. రెండోది ఆగింది. మిగిలినవి ఆగాయి. అతడు పగ్గాల చిక్కు విప్పి రేచనను బయటికి లాగాడు. కాలు విరిగింది. ప్రాణం ఉంది.

జనం మూగారు. రేచనను మోసుకొని పోయారు. ఆ తొందరలో బొల్లనతో ఎవరూ ఏమీ అనలేదు. పంక్తి ఆలస్యంగా వేశారు. నవ్వులు తక్కువగా ఉన్నాయి. బొల్లన ఇంటిదారి పట్టాడు. రథాన్ని కొని నడిపినా, కొనకుండా నిలిచినా, ఆ పంక్తి తనది కాదని ఆనాటికి నిశ్చయించుకొన్నాడు.

దారిలో రేవు దగ్గర ఖాళీ దడిలో ముసలిగుర్రం ఒక్కటే నిలబడి ఉంది.

“నిన్ను వదిలిపోయాడా?” అన్నాడు బొల్లన.

“పడవలో చోటు చాలలేదు. ఇరుసు విరిగిందా?”

“విరిగింది. నాకు మొదటే ఎందుకు చెప్పలేదు?”

“నేను ఇరుసును లోపలినుంచి చూడలేదు. నా కాలు మాత్రమే చూశాను. నీకు చూపించాను,” అంది గుర్రం. తరువాత, “పొద్దున నేనేం తిన్నానని ఎవరూ అడగలేదు,” అంది.

బొల్లన దాని తాడు విప్పి తనతో తీసుకొనిపోయాడు.

చైత్రం వచ్చింది. ఒకనాడు కొలిమి గడపలో చప్పుడైంది. ఎవరో పాత్ర పెట్టి పోతున్నారనుకొని బొల్లన తల ఎత్తలేదు. చప్పుడు లోపలికి వచ్చింది. ఊతకర్ర చంకన పెట్టుకొని రేచన నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో విరిగిన ఇరుసు ముక్క, రెండో చేతిలో మూతకట్టిన కంచుగిన్నె.

“ఇది చూసి చెప్పు,” అని ముక్క చాచాడు.

బొల్లన దానిని వెలుగులో తిప్పాడు. విరిగిన ముఖం సగం నల్లగా ఉంది, సగం వెండిలా తెల్లగా ఉంది.

“తెల్లగా ఉన్నది మొన్న విరిగింది. నల్లగా ఉన్నది ఏనాటిదో. ఈ నలుపులోకి మైనం కూరి, పైన లక్క పూశారు.”

“వేలాడదీస్తే తెలిసేదా?”

“తెలిసేది.”

రేచన ఆ నలుపును వేలితో తడిమాడు. “ఆ రోజు కూలీల ముందు నిన్ను నవ్వులపాలు చేశాను. నీ స్థానంలో నేనుంటే గట్టు దిగేవాణ్ణి కాను. నువ్వు ఎందుకు దిగావు?”

“వినబడింది,” అన్నాడు బొల్లన.

రేచన అరుగుమీద కూలబడి కాలు చాచుకొన్నాడు.

“వచ్చే ఏడు పందెంలో దిగేవారందరూ ఇరుసులు విప్పి నీ ముందు వేలాడదీయాలని చెప్పాను. నాతో కలిపి పన్నెండుమంది సరే అన్నారు. నలుగురు అలిగారు.”

“అలిగిన నలుగురివీ ముందు చూడాలి,” అన్నాడు బొల్లన.

రేచన ఫక్కున నవ్వి, కాలి నొప్పికి మూలిగాడు. “ఇదిగో, మా ఇంట్లో పరమాన్నం వండించాను. ఆనాడు నా విస్తరి వేశారట. తినడానికి నేను లేను. నీ గుండిగలోదే కావాలంటే వచ్చే ఏటిదాకా ఆగాలి. గిన్నె మాత్రం నీకే. సంతలో కొత్తగా కొన్నాను, మంచి కంచు!”

బొల్లన గిన్నె అందుకొన్నాడు. పరమాన్నం ఒక ఆకులోకి వంచాడు. ఖాళీగిన్నెను కడిగాడు. ఆ తరువాత చేతులు తమంతట తామే పని చేశాయి. దూలానికి ఉన్న తాడు అందుకొని, గిన్నెను వేలాడదీసి, కొయ్యసుత్తితో ఒక్క దెబ్బ కొట్టాడు.

నాదం నడుమనే ఆగిపోయింది.

బొల్లన సుత్తిని చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. పెళ్ళిపందిరి జ్ఞాపకం వచ్చింది. రేవు దగ్గరి చాప జ్ఞాపకం వచ్చింది. అబద్ధం చెప్పడం అతనికి రాదు. చెప్పకుండా ఊరుకోవడం ఒక్కసారి నేర్చుకోబోయి చూశాడు, అదీ రాలేదు.

“బీట ఉంది,” అన్నాడు.

అని గోడవైపు తిరిగి, ఊతకర్ర నేలమీద తాటించే చప్పుడుకోసం, అది గడప దాటే చప్పుడుకోసం చెవి పెట్టి నిలబడ్డాడు.

ఆ చప్పుడు రాలేదు.

“ఉంటే ఉండనీ,” అన్నాడు రేచన వెనుకనుంచి. “ఆ సంతవాడి సంగతి రేపు చూద్దాం. పరమాన్నం చల్లారిపోతోంది. ఇంకో ఆకు వెయ్యి, నేనూ పొద్దుటినుంచి ఏమీ తినలేదు.”

బొల్లన రెండో ఆకు వేశాడు. పెరట్లో గుర్రం గొంతు సవరించుకొంది. దానికీ ఒక ముద్ద తీసి పెట్టాడు.

పరీక్ష అడిగినంతనే తెగిపోయే చెలిమి, పరీక్షకు ముందే బీటవారి ఉంటుంది. అట్టి చెలిమికోసం ఎవరూ తమ చెవిని మూసుకొనరాదు.